సవేతా అనని మాట

జంఫీరాకి ఏదైనా పంతం పట్టిందంటే దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో మొగుడికి తెలుసు, అత్తగారికి తెలుసు, రొమేనియాలోని రెదియాసా జిల్లా ఆసుపత్రిలో సర్జరీ వార్డంతటికీ తెలుసు. తెలియనిదల్లా డాక్టర్ బేజాన్ ఒక్కడికే, ఆ వేసవిలో ఆయనకీ తెలిసొచ్చింది.

ఆమె తొమ్మిదేళ్ళు ఇంగ్లండులో నర్సుగా చేసి, చాలు బాబోయ్ అనుకుని సొంత ఊరికి తిరిగొచ్చిన మనిషి. అందుకే అందరూ ఆమెని "ఇంగ్లండు జంఫీరా" అంటారు, ముద్దుగా కొందరు, ఒళ్ళుమండి కొందరు. ఆకురాలే కాలానికి బుకారెస్ట్ నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు. రోగి పరిస్థితి దిగజారుతుంటే ఎవరు ఎవర్ని ఎప్పుడు పిలవాలో రాతపూర్వకంగా నియమాలుండాలని వాళ్ళ పట్టు. ఆసుపత్రికి పెద్దా, సర్జరీకి పెద్దా ఆయనే అయిన బేజాన్ జంఫీరాని పిలిపించి, ఇంగ్లండులో ఆమె పాత ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితాలు చేతిలో పెట్టి, వీటిని రొమేనియన్‌లోకి దించమన్నాడు. అదెంత పని అనుకుంది జంఫీరా. నాడి ఎక్కడైనా నాడే, జ్వరం ఎక్కడైనా జ్వరమే. ఊపిరి ఇన్నిసార్లు దాటితే ఇంత, బీపీ ఇంతకి పడితే ఇంత అని మార్కులు వేసుకుంటూ పోవడమే. రెండ్రోజుల్లో దాదాపు అంతా అయిపోయింది.

చిట్టచివరి వాక్యం దగ్గర బండి ఆగిపోయింది.

అంకెలన్నీ బాగానే ఉన్నా సరే, రోగి గురించి నర్సుకి "గట్ ఫీలింగ్" కలిగితే, అంటే ఎక్కడో తేడాగా ఉందని లోపల అనిపిస్తే, డాక్టర్ని పిలవాలి, అని ఉంది అక్కడ. ఆ రెండు ముక్కలు జంఫీరా ఇంగ్లండులో రోజూ విన్నవే. అక్కడ తనే ఒకసారి అలా పిలిస్తే కుర్ర డాక్టరొకడు సగం కొరికిన ఆపిల్ చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎందుకు పిలిచావని అడగలేదు. ఆ రోజు ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే అంతకుముందు తన దేశంలో పనిచేసినన్నాళ్ళూ ఏ డాక్టరూ ఆమె పిలుపుకి అలా వచ్చిన పాపాన పోలేదు.

అయితే ఇంగ్లీషు మాటని రొమేనియన్‌లో ఏమనాలి? పదానికి పదం పెడితే "పేగుల్లో భావన" అవుతుంది. ఆఫీసులో సెక్రటరీ కంప్యూటర్ చేత అనువాదం చేయిస్తే సరిగ్గా అదే వచ్చింది. అది చదివి ఆసుపత్రి లాయరు ఒలింపియా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ, ఎవరి పేగులమ్మా, నర్సువా రోగివా అని అడిగింది. ఆఫీసంతా పడీపడీ నవ్వారు. జంఫీరా కూడా నవ్వింది. నవ్వింది గానీ లోపల మండుతూనే ఉంది, ఎందుకంటే ఆ వాక్యం ఆమెకి నవ్వులాట కాదు.

ఆ వాక్యం కావలసింది సవేతా కోసం.

సవేతా ఆ వార్డులో పాతకాపు. యాభై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, నోరు తెరిస్తే వెటకారం. కొత్తగా వచ్చిన నర్సులందరికీ సూది పట్టుకోవడం నేర్పింది ఆమే, జంఫీరాకి కూడా. డ్యూటీ అప్పగించేటప్పుడు ఆమె మాట్లాడే తీరు చూడాలి, సొంత చుట్టాల గురించి చెబుతున్నట్టు ఉండేది. మూడో మంచం తాత అబద్ధాలకోరు, నొప్పి లేదంటాడు గానీ ఉంది. ఏడో మంచం పిల్లకి మొగుడు వచ్చి వెళ్ళాక బీపీ పెరుగుతుంది, వాణ్ణి గుమ్మంలోనే ఆపండి. ఇలా.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. గ్లికేరియా అనే పల్లెటూరి ఆవిడకి పిత్తాశయం తీసేశారు. ఆపరేషన్ శుభ్రంగా జరిగింది. పొద్దుటంతా ఆవిడ తన బాతుల గురించి చెబుతూ, పక్క మంచం ఆవిణ్ణి కసురుతూ వార్డంతా తనదే చేసుకుంది. మధ్యాహ్నం దాటాక కసరడం మానేసింది. దుప్పటి అంచుని వేళ్ళతో గిల్లుతూ పడుకుంది. ఎలా ఉందంటే బాగుందంది. సవేతా బీపీ చూసింది, నాడి చూసింది, జ్వరం చూసింది. అన్నీ బంగారంలా ఉన్నాయి. అయినా ఆమెకి కాలు నిలవలేదు. చివరికి డ్యూటీలో ఉన్న బేజాన్ గదికి ఫోన్ చేసింది.

అక్కడే ఆమె తప్పు చేసింది. తప్పంటే ఆమె ఒక్కదానిదే అనకూడదు, ఈ దేశంలో ఏ నర్సైనా అలాగే చేస్తుంది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ముందు మంచి కబుర్లు చెప్పాలి, అది మర్యాద. పెద్దాయన్ని ఉన్నపళంగా కంగారు పెట్టకూడదు. బీపీ బాగుంది డాక్టర్‌గారూ, అని మొదలుపెట్టింది. ఆయన నాడి అడిగాడు, బాగుంది. జ్వరం అడిగాడు, లేదు. మరి నన్నేం చెయ్యమంటారు సవేతాగారూ, అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఏం లేదు, శ్రమ ఇచ్చాను, క్షమించండి, అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చీకటి పడేసరికి గ్లికేరియా బీపీ పాతాళానికి పడిపోయింది. లోపల రక్తస్రావం. మళ్ళీ పొట్ట తెరిచారు గానీ ఆలస్యమైపోయింది. తర్వాత విచారణ జరిగింది. ప్రతి గడిలోనూ అంకె రాసే ఉంది, ప్రతి అంకే బాగానే ఉంది, ఎవరి తప్పూ లేదని తేల్చారు. ఆ మాట విన్న రోజునుంచీ సవేతా మాట్లాడటం మానేసింది. మౌనవ్రతం కాదు, పనిచేస్తుంది, పలకరిస్తే పలుకుతుంది. డ్యూటీ అప్పగించేటప్పుడు మాత్రం స్టేషన్లో మైకు రైళ్ళ వేళలు చదివినట్టు అంకెలు చదివి కోటు వేసుకుని వెళ్ళిపోతుంది. మే నెలలో ఒక అర్జీ పెట్టింది. సెప్టెంబరు నుంచి తనని వార్డులోంచి తీసేసి, కింద పరికరాలు శుద్ధిచేసే గదికి వెయ్యమని.

ఆ అర్జీ సంగతి తెలిసి జంఫీరా ఆమెని మెట్ల దగ్గర నిలేసింది.

"ఏమక్కా, నీకేమైనా పిచ్చా? ఆ గదిలో నువ్వేం చేస్తావు?"

"కత్తెరలు ఉడకబెడతాను," అంది సవేతా. "కత్తెరలు చావవు కదమ్మా."

జంఫీరాకి జాలీ వేసింది, కోపమూ వచ్చింది. జాలి సవేతా మీద, కోపం మాత్రం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అప్పుడే బేజాన్ ఆ ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టాడు. చివరి వాక్యం చదివీ చదవగానే జంఫీరా అనుకుంది, ఇది గనక ఆ ఫిబ్రవరికి ముందే గోడమీద ఉండుంటే సవేతా ఆ ఫోన్ అలా పెట్టేసి ఉండేది కాదని. ఇకమీదైనా ఉండి తీరాలని.

మొదటి సమావేశంలోనే ఆ వాక్యానికి ఎసరొచ్చింది. జంఫీరా అందులో నిఘంటువు ప్రకారం "ఇంతుయిత్సియే" అని రాసింది. సహజంగా తోచడం అని దానర్థం, చదువుకున్నవాళ్ళ మాట. బేజాన్ చదివి, ఇది ఆడవాళ్ళ పత్రికలో రాశిఫలాల పక్కన ఉండాల్సిన మాట గానీ ఆసుపత్రి నియమాల్లో కాదన్నాడు. ఒలింపియా అయితే ఏకంగా, రేపు కోర్టులో జడ్జి అడిగితే దీన్ని ఏ యంత్రంతో కొలిచారని చెప్పాలి అంది. ఆ వాక్యం తీసేస్తే పోతుంది కదా, మిగతాదంతా బాగుంది కదా అని ఇద్దరూ ఒక్క మాటగా తేల్చారు. జంఫీరా ఒప్పుకోలేదు. తీసేస్తే మొత్తం కాగితాలూ వెనక్కి ఇచ్చేస్తాను, ఇంకెవరి చేతనైనా రాయించుకోండి అంది. అలాంటి మాట బేజాన్‌తో అన్నవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, సరే, గురువారం దాకా టైమిస్తున్నాను అన్నాడు. నేను సంతకం పెట్టగలిగే రొమేనియన్ మాట ఒకటి పట్టుకురండి, పెడతాను. లేదా ఆ వాక్యం లేకుండా పెడతాను.

ఇక చూడండి జంఫీరా పాట్లు.

ఉన్న మాటలన్నీ గాలించింది. "ప్రెసిమ్ట్సిరే" ఉంది, ముందే మనసుకి తెలియడం. ఇంట్లో అత్తగారితో అంటే ఆవిడ సంబరపడిపోయి, నిన్న జోస్యం కోసం కాఫీ కప్పు బోర్లిస్తే అడుగున పాము కనిపించిందనీ, దాని సంగతి కూడా అందులో రాయమనీ అంది. ఆ మాట అక్కడితో సరి. "ఇన్‌స్టింక్ట్" అంటే వార్డులో నర్సులే మూతి ముడిచారు, మేమేం వేటకుక్కలమా అని. "ఫ్లేర్" అనే మాటుంది, వాసన పట్టినట్టు పసిగట్టే నేర్పు, అది బాగుంటుందేమో అనుకుంది. రేడియాలజీలో పనిచేసే ఆయన విని, అది దొంగల్ని పట్టే పోలీసులకీ, పాత కార్లు అమ్మేవాళ్ళకీ ఉంటుంది గానీ నర్సులకి ఎందుకమ్మా అన్నాడు. "ఆందోళన" అని పెడదామా అంటే, ఆందోళన అయితే మీకు మాత్ర ఇస్తాం, డాక్టరెందుకు అంటారు. ఇలా ఒక్కో మాటా తెచ్చి ఒక్కొక్కరి ముందు పెట్టడం, వాళ్ళు దాన్ని పుల్లవిరిచినట్టు విరిచెయ్యడం. తల ప్రాణం తోకకొచ్చింది.

సవేతానే అడిగింది ఒకసారి. ఆ రోజు నీకు లోపల అయిందే, దాన్ని మనవాళ్ళు ఏమంటారక్కా అని. సవేతా మందుల బండి తోసుకుంటూ, ఏమీ అనరు, అనకూడదు కాబట్టే దానికి పేరు లేదు, వదిలెయ్ పిల్లా అంది. జంఫీరా వదల్లేదు. ఇంటికెళ్ళి మొగుడు పెట్టిన బీన్స్ సూపు చల్లారిపోతున్నా చూడకుండా, బల్ల మీద కాగితం పరుచుకుని కూర్చుంది. రొమేనియన్ మాటలు కొట్టేసి ఉన్నాయి దాని నిండా. మొగుడు పాపం, ఇంగ్లీషు మాటనే ఉంచెయ్యరాదూ, ఇప్పుడందరూ అలాగే కదా చేస్తున్నారు అన్నాడు. ఇంగ్లీషు మాట ఉంచితే అందరూ తలాడిస్తారు, ఒక్కరూ వాడరు అంది జంఫీరా. సవేతా నోటికి ఆ మాట తిరగదు. తిరగని మాట పట్టుకుని ఆమె ఫోన్ దగ్గరికి వెళ్తుందా?

మంగళవారం పొద్దున్న రిపోర్టు జరిగింది. రోజూ ఉండేదే. డాక్టర్లంతా చిన్న గదిలో కూర్చుంటారు, నర్సులు గోడవారన నిలబడతారు, రాత్రి డ్యూటీ వాళ్ళు ఒక్కో రోగి గురించీ చదువుతారు. జంఫీరా కళ్ళు మూతలు పడుతుంటే గోడకి ఆనుకుని నిలబడింది. ఐదో మంచం సంగతి వచ్చింది. పేగు ఆపరేషనైన బడిపంతులు. కుర్ర డాక్టరు అంకెలన్నీ చదివాడు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. తర్వాతి మంచానికి వెళ్ళబోతుంటే బేజాన్ చెయ్యెత్తి ఆపాడు. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఐదో మంచానికి పొద్దున్నే స్కాన్ తీయించండి. నాకు నచ్చట్లేదు."

ను-మి ప్లాచే. నాకు నచ్చట్లేదు. కుర్ర డాక్టరు మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. ఎందుకని అడగలేదు, ఏ అంకె బాగాలేదని అడగలేదు. రిపోర్టు ఆరో మంచానికి వెళ్ళిపోయింది.

జంఫీరాకి నిద్రమత్తు ఎగిరిపోయింది. ఇదెప్పుడూ వింటున్నదే. ఈ ఆసుపత్రిలో రోజూ ఎవరో ఒకరు అంటున్నదే. మత్తుమందిచ్చే డాక్టరు సర్జన్‌తో అంటాడు, సర్జన్ సర్జన్‌తో అంటాడు, నర్సు నర్సుతో అంటుంది, వంటగదికి వెళ్ళేదారిలో, లిఫ్టులో. తొమ్మిదో మంచం వాలకం నాకు నచ్చట్లేదు. ఫిబ్రవరికి ముందు సవేతా రోజుకి రెండుసార్లైనా అనేది. అందరూ పక్కవాళ్ళతోనూ, కిందివాళ్ళతోనూ అంటారు. పైకి మాత్రం ఎవరూ అనరు. నర్సు డాక్టర్‌తో ఈ మాట అనడం ఆమె తన జన్మలో వినలేదు. తనూ అనలేదు. నీకు నచ్చడమేమిటి, నువ్వెవరు, అని ఎవరైనా అంటారేమోనని భయం. అన్నవాళ్ళు లేరు, ఎందుకంటే అనిపించుకునేదాకా వెళ్ళినవాళ్ళే లేరు.

ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. ఇన్ని రోజులుగా పేరు వెతికింది. కావలసింది పేరు కాదు, నోట్లో ఎప్పుడూ నలుగుతున్న మాటే. నలుగుతున్న ఆ మాటకి ఫోన్ దాకా వెళ్ళే హక్కు కావాలి, అంతే.

గురువారం సమావేశానికి ఆమె ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకుని వెళ్ళింది. కాగితం బల్ల మీద పెట్టింది. చివరి వాక్యం ఇలా ఉంది: అంకెలన్నీ బాగానే ఉన్నా, రోగి వాలకం తనకి నచ్చకపోతే నర్సు డాక్టర్‌కి ఫోన్ చేసి "నాకు నచ్చట్లేదు" అని చెప్పాలి. ఇంకే కారణమూ చెప్పక్కర్లేదు.

ఒలింపియా చదివి కళ్ళజోడు తీసేసింది. ఇదేం భాషమ్మా, సంతలో వంకాయల గురించి మాట్లాడినట్టుంది, నర్సుకి రోగి నచ్చకపోవడమేమిటి అంది. బేజాన్ చదివి, మళ్ళీ చదివాడు.

"ఇది ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అని అడిగాడు.

"మీ దగ్గర్నుంచే డాక్టర్‌గారూ. మంగళవారం పొద్దున్న. ఐదో మంచం."

ఆయన మొహంలో రంగు మారింది. ఐదో మంచం పంతులికి స్కాన్‌లో కుట్టు దగ్గర చిన్న చీలిక కనబడింది, ఆ మధ్యాహ్నమే సరిచేశారు, ఇప్పుడు బాగున్నాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఏ యంత్రంతో కొలిచారని ఆ రోజు ఎవరూ మిమ్మల్ని అడగలేదే, అని జంఫీరా అంది. నలభై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్నారు కాబట్టి మీకు తెలుస్తుంది, నిజమే. ముప్ఫై ఏళ్ళుగా రాత్రీ పగలూ ఆ మంచాల పక్కనే నిలబడే మనిషికి కూడా ఎంతో కొంత తెలుస్తుంది. ఆమెకి తెలిసిందాన్ని మీ చెవిన వెయ్యడానికి ఒక దారి కావాలి, ఇంతకంటే నేనేమీ అడగట్లేదు.

ఎవరి గురించి మాట్లాడుతోందో అందరికీ అర్థమైంది. బేజాన్ కిటికీలోంచి బయట ఆవరణలో నిలబడ్డ అంబులెన్సు వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు ఆవిడ నాతో ఈ మాట అనలేదు. బీపీ బాగుంది అంది. ఈ మాట అని ఉంటే నేను వెళ్ళేవాణ్ణి."

"వెళ్ళేవారా?" అంది జంఫీరా.

ఆ సంగతి ఆయనకీ నిజంగా తెలియదు. నర్సు నోటి నుంచి ఆ మాట వస్తే తను ఏమనేవాడో ఊహించుకున్నాడేమో, చెవులు ఎర్రబడ్డాయి. జంఫీరాకి ఆయన మీద ఒక్క క్షణం జాలేసింది. ఫిబ్రవరి నుంచీ ఆయనకీ నిద్ర లేదని అప్పుడర్థమైంది ఆమెకి.

ఒలింపియా గొంతు సవరించుకుని, సరే, ఇది పెట్టారే అనుకుందాం, నర్సు ఇలా అంటే డాక్టరు ఏం చెయ్యాలో కూడా రాయాలి కదా, లేకపోతే నియమం సగమే అవుతుంది అంది. తప్పుపట్టడానికే అందో, సాయం చెయ్యడానికే అందో గానీ, అసలైన ప్రశ్న అదే. బేజాన్ కలం తీశాడు.

"ఇంగ్లండులో ఏమంటారు, నర్సు అలా పిలిస్తే?"

"ఏమీ అడగరు. వస్తున్నాను అంటారు."

ఆయన వాక్యం కింద సొంత చేత్తో రాశాడు: డాక్టర్ "వస్తున్నాను" అని చెప్పాలి. ప్రశ్నలు వచ్చాక అడగాలి. తర్వాత సంతకం పెట్టి కాగితం ఒలింపియా వైపు తోశాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ముద్ర వేసింది.

ఆ కాగితం ప్రతి వార్డులోనూ ఫోన్ పైన అంటించారు. జంఫీరా దాన్ని తానే దగ్గరుండి, అంచులు లేవకుండా టేపు వేసి మరీ అంటించింది. సవేతా వచ్చి చదివింది. బాగుందమ్మా, కష్టపడ్డావు అని, మందుల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. అంతే. కుర్ర నర్సులు అడపాదడపా వాడారు. ఒకసారి ఒక డాక్టరు మూలిగాడు గానీ వచ్చాడు. సవేతా మాత్రం వాడలేదు. ఆగస్టు అయిపోవస్తోంది, ఆమె అర్జీ ఆమె వెనక్కి తీసుకోలేదు. గోడ మీద కాగితం గోడ మీదే ఉంటుంది పిల్లా, అవతల ఫోన్ ఎత్తేది మనిషి, అని ఒకరోజు తనే అంది, జంఫీరా ఏమీ అడక్కపోయినా. జంఫీరాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత చేసీ మనిషి దక్కట్లేదని.

ఆగస్టు చివరి ఆదివారం ఇద్దరికీ పగటి డ్యూటీ పడింది. పెత్రాకె అనే లారీ డ్రైవరుకి హెర్నియా ఆపరేషన్ అయి రెండో రోజు. పొద్దుటంతా కూతురు తెచ్చిన పుచ్చకాయ ముక్కలు వార్డందరికీ పంచుతూ, నర్సుల మీద జోకులు వేస్తూ ఉన్నాడు. భోజనాలయ్యాక చూస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పుచ్చకాయ గిన్నె తాకలేదు. ఎలా ఉందన్నా అంటే, బాగుందక్కా, కునుకు పడుతోంది అన్నాడు. సవేతా బీపీ చూసింది. నాడి చూసింది. జ్వరం చూసింది. గడుల్లో రాసింది. గదిలోంచి బయటికొచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

జంఫీరా నర్సుల బల్ల దగ్గర మాత్రలు సర్దుతూ చూస్తోంది. ఏమీ అనలేదు. అంటే ఆమె పారిపోతుందని భయం వేసింది.

సవేతా ఫోన్ దగ్గరికి నడిచింది. ఈ ఆదివారం కూడా డ్యూటీలో ఉన్నది బేజానేనని ఆమెకి తెలుసు. నంబరు నొక్కింది.

"డాక్టర్‌గారూ, సవేతాని, సర్జరీ నుంచి. బీపీ బాగుంది..." అని ఆగిపోయింది. అలవాటు నాలుక మీదికి వచ్చేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "నాలుగో మంచం. నాకు నచ్చట్లేదు."

తర్వాత సవేతా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, అందులోంచి ఏదో కొత్త వస్తువు వచ్చినట్టు దానివైపు చూసింది.

"వస్తున్నానన్నాడు," అంది.

వచ్చాడు. పరుగెత్తలేదు గానీ, అరవై దాటిన మనిషి మెట్లు ఎక్కగలిగినంత వేగంగా వచ్చాడు. తెల్లకోటు గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. పెత్రాకె మంచం పక్కన కూర్చుని పొట్ట తడిమాడు, కుట్టు చూశాడు, కబుర్లు చెప్పించాడు, రక్తం తీయించాడు, స్కానింగ్ బండి తెప్పించాడు. సవేతా గుమ్మంలోనే నిలబడిపోయింది, చేతులు ఏప్రన్ జేబుల్లో కుక్కుకుని. గంట గడిచింది. రక్తం ఫలితాలొచ్చాయి. ఏమీ లేదు. స్కానింగ్‌లోనూ ఏమీ లేదు. పెత్రాకె లేచి కూర్చుని, కూతురు పొద్దున్న ఎవణ్ణో పెళ్ళి చేసుకుంటానందనీ, అది మనసులో తొలిచేస్తోందనీ, అందుకే తిండి సయించలేదనీ ఒప్పుకున్నాడు.

బేజాన్ బయటికొచ్చాడు. సవేతా మొహం పాలిపోయింది. అయిపోయింది అనుకుంది జంఫీరా. ఇక ఈ మనిషి జన్మలో మళ్ళీ ఫోన్ ముట్టుకోదు.

"అనవసరంగా శ్రమ పెట్టాను డాక్టర్‌గారూ," అంది సవేతా. "ఏమీ లేదు కదా."

"ఏమీ లేదు," అన్నాడాయన. పక్కనున్న కుర్చీలో కూలబడి మెడ రుద్దుకున్నాడు. "ఆ ఆదివారం కూడా నేనిలాగే ఒకసారి పైకొచ్చి చూసి ఉండాల్సింది సవేతాగారూ."

"ఆ రోజు నేను మీతో ఈ మాట అనలేదు," అంది సవేతా.

"నేను అననివ్వలేదు," అన్నాడు బేజాన్.

సవేతా ఏడ్చింది. అందరి ముందూ, వార్డు మధ్యలో నిలబడి, మొహం దాచుకోకుండా ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి ఆమె కంట నీటిచుక్క ఎవరూ చూడలేదు. బేజాన్ లేచి వెళ్ళిపోలేదు, కుర్చీలోనే తలొంచుకుని కూర్చున్నాడు, ఆమె ఏడుపు అయిపోయేదాకా. పెత్రాకె గదిలోంచి తొంగిచూసి, ఎవరైనా పోయారా ఏమిటి అని కంగారుగా అడిగాడు. ఎవరూ పోలేదులే, నువ్వెళ్ళి పడుకో అని జంఫీరా అతన్ని కసిరింది.

సాయంత్రం డ్యూటీ వాళ్ళు వచ్చారు. సవేతా మొహం కడుక్కుని వచ్చి, కాగితం చేతిలో పట్టుకుని మొదటి మంచం నుంచి మొదలుపెట్టింది. అంకెలు చదివింది. నాలుగో మంచం దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఇతనికి ఒంట్లో ఏమీ లేదర్రా, కూతురి పెళ్ళి బెంగ, రాత్రికి ఎవరైనా వెళ్ళి కాస్త కబుర్లు చెప్పండి అంది. ఆరో మంచం ముసలావిడ మాత్రం నాకు నచ్చట్లేదు, కనిపెట్టి ఉండండి, అనుమానమొస్తే బేజాన్‌గారికి ఫోన్ చెయ్యండి, ఆయన వస్తాడు అని చెప్పింది. కోటు వేసుకోవడం మర్చిపోయి అక్కడే నిలబడి, ఏడో మంచం గురించి చెప్పడం మొదలుపెట్టింది.